బట్టతలకు స్త్రీలింగం లేదా?

'బట్టతల' అన్న మాట వినగానే మనకు మగవాడే కనిపిస్తాడు. ఓ మేనమామో, లెక్కల మాస్టారో, ఊరి సర్పంచో. ఆ మాటలో కాస్త ఎగతాళి ఉందిగానీ అవమానం లేదు. బట్టతలవాడు దరిద్రుడు కావడం అరుదని సంస్కృతంలో ఒక నానుడి కూడా ఉంది. సంబంధాలు మాట్లాడేటప్పుడు పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఇప్పటికీ నవ్వుతూ ఆ అర్థం వచ్చే మాటే అంటారు. మగవాడి నెత్తిమీద జుట్టు పోతే దానికి బదులుగా డబ్బునో తెలివినో అతని ఖాతాలో జమకడుతుంది భాష. మరి ఆడదాని నెత్తిమీద జుట్టు పోతే? దానికీ మాటలున్నాయి. 'బోడి' ఉంది. 'ముండ' ఉంది. ముండనం నుంచి వచ్చిన ఈ రెండో మాట, మొగుడు పోయినామెకు గుండు గీసిన ఆచారాన్ని తిట్టుగా మార్చుకుని ఇప్పటికీ వీధుల్లో తిరుగుతోంది. 'బోడి సలహా', 'బోడి పెత్తనం' అన్నప్పుడు విలువలేనితనానికి బోడితనమే కొలత. అంటే జుట్టు లేని ఆడవాళ్ళు తెలుగు భాషకు తెలియకపోలేదు. అయితే అది ఎవరో తీసేసిన జుట్టు, లేదా దేవుడికి ఇచ్చిన జుట్టు. ఏ పాపమూ పుణ్యమూ లేకుండా, శరీరంలోంచే దానంతట అది పల్చబడిపోయే జుట్టుకు మనం మాట ఇవ్వలేదు.

డాక్టర్లు దానికి ఫీమేల్ ప్యాటర్న్ హెయిర్ లాస్ అని పేరు పెట్టారు. నాకు ఆ పేరు నలభై మూడో ఏట దొరికింది. నాది కోదాడ పక్కన చిలుకూరు. వీసాల బాలాజీ ఉన్న చిలుకూరు కాదు. ఒకప్పటి నల్లగొండ జిల్లా, 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో ఉన్న చిలుకూరు. పాఠాలు చెప్పడం, విమర్శ రాయడం నా పని కాబట్టి, ఆ పేరు పట్టుకుని నేను మొదట వెళ్ళింది మన సాహిత్యం దగ్గరికే. మన రచనల్లో ఈ జబ్బుతో ఉన్న ఆడమనిషి ఎక్కడ ఉంది? ఈ ప్రశ్నకు దొరికిన జవాబుల కంటే, జవాబు ఉండాల్సిన చోట కనిపించిన ఖాళీలే నన్ను ఎక్కువ ఆలోచింపజేశాయి.

జడ విషయంలో మన సంప్రదాయానికి కొరత లేదు. కావ్యనాయికల కురులు తుమ్మెదలతో, పాములతో, మబ్బులతో పోటీపడుతూనే ఉంటాయి. బాపు బొమ్మ అంటే సగం జడే. 'జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే' అనే సామెత అందరికీ వచ్చు. ఆ సామెతను ఒకసారి విమర్శకుల కళ్ళతో చదవండి. జుట్టున్నమ్మ ఉందంటే జుట్టు లేనమ్మ కూడా ఎక్కడో ఉండే ఉండాలి కదా. సామెత ఆమె నీడ మీదే నిలబడింది గానీ ఆమెను లోపలికి రానివ్వదు. ఇక తెలుగు నేలమీద అతి ప్రసిద్ధమైన జడ ఎవరిది? భామాకలాపంలో సత్యభామది. తెరమీదుగా జడ వేసి, తనను మించినవాళ్ళెవరైనా ఉంటే రమ్మని సభను సవాలు చేసే జడ అది. ఆ జడను తరతరాలుగా ధరించింది మగవాళ్ళు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా ఎంత పేరు తెచ్చుకున్నారో మనకు తెలుసు. మనకు ఆదర్శంగా నిలబెట్టిన జడ ఒక పురుషుడి తలకు కట్టిన కట్టుడు జడ! అది పెట్టుడుదని తెలిసి కూడా రసికులెవరూ చిన్నబుచ్చుకోలేదు. అదే సవరం పెట్టుకుని పెళ్ళికి వచ్చిన ఆడమనిషి వెనక మాత్రం గుసగుసలు మొదలవుతాయి.

సినిమాలోనూ ఇదే లెక్క. 2021లో వచ్చిన 'నూటొక్క జిల్లాల అందగాడు' బట్టతల ఉన్న యువకుడిని కథానాయకుణ్ణి చేసింది. విగ్గు కింద దాచుకున్నవాడు దాన్ని తీసి నిలబడితే అది ఒక మనిషి ఎదుగుదలగా కనిపిస్తుంది. సంతోషమే. ఆ కథలో హీరో స్థానంలో హీరోయిన్‌ని పెట్టి చూడండి. హాస్యం తీయగలమా? ప్రేమకథ ముగించగలమా? ఆ ఊహ దగ్గర మనకు కలిగే ఇబ్బందే ఈ వ్యాసానికి అసలు విషయం.

స్త్రీవాద సాహిత్యం సంగతేమిటి? ఇది మన ఇంటి విషయం కాబట్టి నిక్కచ్చిగానే మాట్లాడుకోవాలి. ఎనభైల్లో, తొంభైల్లో మన కవయిత్రులు శరీరాన్ని కవిత్వంలోకి తెచ్చిన తీరు చిన్నది కాదు. జయప్రభ పైట గురించి రాశారు. కొండేపూడి నిర్మల లేబర్ రూమ్ గురించి, పాటిబండ్ల రజని అబార్షన్ గురించి రాశారు. ఓల్గా 'రాజకీయ కథలు' శరీర భాగాలను ఒక్కొక్కటిగా తీసుకుని వాటి వెనక ఉన్న అధికారాన్ని బయటపెట్టాయి. అందులో 'సీత జడ' అనే కథ కూడా ఉంది. జడ అలంకారం కాదు, రాజకీయ ప్రశ్న అని మనకు చెప్పిన కథ అది. ఉన్న జడ మీద అధికారం ఎవరిదని అలా అడిగాం. లేకుండా పోతున్న జడ గురించి మాత్రం అడగలేదు.

ఎందుకు అడగలేదు? నాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది, జుట్టు మనకు అందం పద్దులో కనిపించింది. అందాల పోటీలతో, సౌందర్య సాధనాల మార్కెట్టుతో పోరాడుతున్న రోజుల్లో 'నా జుట్టు పోతోంది' అని రాయడం శత్రుశిబిరంలోకి వెళ్ళి ఏడవడంలా అనిపించి ఉంటుంది. రెండో కారణం కవిత్వానికి సంబంధించింది. మన కవితకు ప్రతివాది కావాలి. మొగుడు, అత్త, రాజ్యం, మతం, డాక్టరు, ఎవరో ఒకరు ఎదురుగా ఉండాలి. జుట్టు పల్చబడటంలో అలా వేలుపెట్టి చూపించదగ్గ ప్రతివాది లేడు. ఎవరూ కొట్టలేదు, కొయ్యలేదు, గీయలేదు. శరీరమే తన పని తాను చేసుకుపోయింది. అన్యాయం చేసినవాడు లేని బాధను చెప్పుకోవడానికి మన దగ్గర ఛందస్సు లేకపోయింది.

కానీ ప్రతివాది నిజంగా లేడా? జబ్బు రావడంలో లేకపోవచ్చు. జబ్బును గుర్తించడంలో ఉన్నాడు. రోగనిర్ధారణ కూడా ఒక పఠనమే. శరీరం మీద ఉన్న గుర్తులను చూసి అర్థం చెప్పడమే డాక్టరు చేసే పని. మరి ఆడవాళ్ళ నెత్తిని డాక్టరు కంటే ముందు ఎంతమంది చదువుతారో చూడండి. అత్తగారు చదివి 'నూనె పెట్టదు' అంటుంది. ఆడపడుచు చదివి 'షాంపూలు ఎక్కువయ్యాయి' అంటుంది. పక్కింటామె 'నీళ్ళు పడలేదు' అంటుంది. కాలేజీలో మగ సహోద్యోగి 'చదువు ఎక్కువైతే అంతే మేడం' అని నవ్వుతాడు. ఆలోచనలు ఎక్కువ, కోపం ఎక్కువ, నిద్ర తక్కువ, శ్రద్ధ తక్కువ. ఇన్ని పఠనాల్లోనూ సారాంశం ఒక్కటే, తప్పు ఆమెదే. సుసాన్ సోంటాగ్ 1978లో క్షయ, క్యాన్సర్ల గురించి రాసిన పుస్తకంలో, జబ్బును జబ్బుగా కాక రోగి గుణానికి గుర్తుగా చదివే అలవాటును ఎండగట్టింది. మన ఇళ్ళలో ఆడవాళ్ళ జుట్టు విషయంలో జరిగేది సరిగ్గా అదే.

ఇక్కడ మా పెద్దమ్మ గురించి చెప్పాలి. చిలుకూరులో ఆమెను నెత్తిన కొంగు లేకుండా చూసినవాళ్ళు తక్కువ. నాట్లకు పోయినా కొంగే, పెళ్ళికి పోయినా కొంగే. ఎండకని ఆమె చెప్పేది, పెద్దరికమని ఊరు అనుకునేది. నాలుగైదేళ్ళకోసారి మట్టపల్లి నరసింహస్వామికి తలనీలాలు ఇచ్చి వచ్చేది. అంత భక్తి ఎవరికుంటుందని చుట్టాలు మెచ్చుకునేవాళ్ళు. నాకు జబ్బు పేరు తెలిశాక, నా పాపిట చూపించి ఆమెకు విషయం చెప్పాను. చాలాసేపు చూసి, తన కొంగు తీసింది.

"నాదీ గిట్లనే మొదలైంది బిడ్డా. ముప్పయ్యేండ్లప్పుడు పాపిడ ఎడల్పయింది. ఎంటికలు కుప్పలు కుప్పలు ఊడలే. సన్నబడ్డయ్, అంతే. ఎవరికని చెప్తం? మొక్కు అంటే ఎవరూ అడగరు."

ఈ నాలుగు మాటలను నేను ఒక పాఠ్యంగా చదవమంటున్నాను. మొక్కు అన్న చివరి మాటలో ఒక సామాజిక వ్యూహం ఉంది. దానంతట అది పోయిన జుట్టుకు గౌరవం లేదు, దేవుడికిచ్చిన జుట్టుకు ఉంది. కాబట్టి ఆమె పోతున్నదాన్ని ఇచ్చినదిగా మార్చుకుంది. గుండు గీయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందనే ఆశ కూడా ఎక్కడో ఉండి ఉంటుంది. అది నిజం కాదు. కత్తి చర్మం పైన ఉన్నదాన్నే తీస్తుంది, లోపల ఉన్న కుదురును ఏమీ చేయదు. ఇక మొదటి నాలుగు వాక్యాల్లో ఉన్నది రోగనిర్ధారణ. కుప్పలుగా ఊడటం వేరు, సన్నబడటం వేరు అని బడి మొహం చూడని ఆమె చెప్పింది. చర్మవ్యాధుల పాఠ్యపుస్తకం కూడా సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

తలమీద ఉండే సుమారు లక్ష వెంట్రుకల్లో ఒక్కొక్కటీ కొన్నేళ్ళు ఎదిగి, కొద్ది వారాలు ఆగి, రెండు మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. కాన్పు, టైఫాయిడ్, డెంగీ, కోవిడ్, పెద్ద ఆపరేషన్, కడుపు మాడ్చుకోవడం లాంటివి జరిగిన రెండు మూడు నెలలకు చాలా వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతి దశకు చేరి రాలిపోతాయి. దువ్వెన నిండుతుంది, బాత్రూం జాలీ మూసుకుపోతుంది. దీన్ని టెలోజన్ ఎఫ్లూవియం అంటారు. కారణం తొలగితే చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది. ప్యాటర్న్ హెయిర్ లాస్ అలా కాదు. అందులో కుదురే కుంచించుకుపోతుంది. వెంట్రుక ఎదిగే కాలం తగ్గుతుంది. ప్రతి విడతలో అంతకుముందు కంటే సన్నగా, పొట్టిగా వస్తుంది. దువ్వెనలో పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. పాపిట మాత్రం ఏడాదికేడాది వెడల్పవుతుంది.

మా ఊళ్ళో ఆడవాళ్ళు దువ్వుకోగా వచ్చిన వెంట్రుకలను ఉండచుట్టి గోడ సందులోనో చూరులోనో దోపేవాళ్ళు. వెంట్రుకలు కొనేవాడు వస్తే తూకానికి వేసి పిన్నీసులో గిన్నెలో తీసుకునేవాళ్ళు. రాలిన జుట్టుకు బజారులో ఎప్పుడూ ధర ఉంది. అది రాలిన తలకే వైద్యం లేదు. ఆ ఉండ ఒకరకంగా ఆడవాళ్ళ కేసు షీటు. ఉండ పెద్దదైతే ఏదో జబ్బు చేసిందని తెలిసేది. మా పెద్దమ్మ జబ్బు అలాంటి ఉండలో కనపడే జబ్బు కాదు. అందుకే ఎవరూ చదవలేకపోయారు, ఆమె తప్ప.

తెలుగులో ఇలాంటి మాటలు చాలానే ఉన్నాయి. మనం వాటిని కలగాపులగం చేసి 'జుట్టు ఊడిపోతోంది' అనే ఒక్క ఫిర్యాదు కింద పడేశాం. రాలడం, పల్చబడటం, చిట్లడం, తెగడం, పేనుకొరుకుడు, ఇవన్నీ వేరు వేరు. పేనుకొరుకుడులో గుండ్రంగా మచ్చలుగా పోతుంది. పేనుకు దానితో సంబంధం లేదు, అది శరీర రక్షణ వ్యవస్థ సొంత కుదుళ్ళ మీదే తిరగబడటం. బడిపిల్లలకు బిగించి వేసే రెండు జడల వల్ల, బరువైన సవరం వల్ల పోయే జుట్టు కణతల దగ్గర, నుదుటి అంచున పోతుంది. ప్యాటర్న్ హెయిర్ లాస్‌లో సాధారణంగా నుదుటి అంచు నిలబడి, నడినెత్తి పల్చబడుతుంది. చర్మం నున్నగా మెరుస్తూ, దురదా మంటా ఉండి, నుదుటి అంచు కనుబొమలతో సహా వెనక్కి పోతుంటే అది మచ్చకట్టే రకం కావచ్చు. ఆ కుదుళ్ళు మళ్ళీ రావు కాబట్టి అక్కడ ఆలస్యం చేయకూడదు. మంచి డాక్టరు చేసేది ఈ తేడాలను చదవడమే. పాపిటను నడినెత్తినా వెనకవైపునా తీసి పోల్చి చూస్తారు. ఓ యాభై అరవై వెంట్రుకల కుచ్చును వేళ్ళతో మెల్లగా లాగి ఎన్ని వచ్చాయో లెక్కపెడతారు. డెర్మోస్కోపు అనే భూతద్దంతో చూస్తే లావు వెంట్రుకల పక్కనే నూగులాంటి సన్నవి కనిపిస్తాయి. ఆ హెచ్చుతగ్గులే ఈ జబ్బుకు సంతకం. అనుమానం మిగిలితే నాలుగు మిల్లీమీటర్ల చర్మం ముక్క తీసి పరీక్షకు పంపుతారు. పాత పెళ్ళి ఫొటోలు కూడా ఇక్కడ సాక్ష్యమే.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత. తెలంగాణలోనూ దాదాపు అంతే. ఇనుము తగ్గితే జుట్టు రాలుతుంది. థైరాయిడ్ తేడా చేసినా రాలుతుంది. అలా రాలడం అప్పటిదాకా దాగి ఉన్న ప్యాటర్న్ హెయిర్ లాస్‌ను బయటపెడుతుంది కూడా. అందువల్ల ఒకే తలమీద రెండు జబ్బులు ఉండవచ్చు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించకుండా నేరుగా సీసా చేతికివ్వడం సగం వైద్యం. అలాగే నెలసరి క్రమం తప్పి, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్ కోసం చూడాలి. కొద్ది నెలల్లోనే జుట్టు వేగంగా పోయి గొంతు కూడా బొంగురుపోతే అండాశయాల్లో, అడ్రినల్ గ్రంథుల్లో కణితి ఉందేమో చూడాలి. తలమీద పోతున్నదానికీ గడ్డం మీద వస్తున్నదానికీ కలిపి సిగ్గుపడుతూ ఇంట్లో కూర్చున్న అమ్మాయికి ఈ మాట ఎవరైనా చెప్పాలి కదా.

వైద్యశాస్త్రం చదివిన పఠనం కూడా ఏమంత అమాయకమైంది కాదు. ఈ జబ్బు చాలాకాలం ఆండ్రోజెనెటిక్ అలోపేషియా అన్న పేరుతోనే నడిచింది. ఆండ్రోజెన్ అంటే పురుష హార్మోను. 1942లో హామిల్టన్ వృషణాలు లేని మగవాళ్ళను పరిశీలించి బట్టతలకు పురుష హార్మోను అవసరమని చూపించాడు. ఆ మగవాళ్ళ కథనే స్త్రీలకూ వర్తింపజేశారు. అంటే జుట్టు పల్చబడ్డ స్త్రీని ఒక తక్కువరకం మగవాడిగా చదివారు. తీరా పరీక్షలు చేసి చూస్తే ఈ జబ్బున్న చాలామంది స్త్రీలలో ఆ హార్మోన్లు మామూలుగానే ఉన్నాయి. అందుకే ఇప్పుడు ఫీమేల్ ప్యాటర్న్ హెయిర్ లాస్ అంటున్నారు. పేరులోంచి మగవాణ్ణి తీసెయ్యడానికి ఇంత కాలం పట్టింది. 1977లో లుడ్విగ్ అనే జర్మన్ డాక్టరు స్త్రీల నడినెత్తి పల్చబడే తీరును మూడు దశలుగా బొమ్మలు గీసి చూపించాడు. అది ఉపయోగపడే పనే, నేటికీ వాడుతున్నారు. ఆ బొమ్మలు చూసినప్పుడు నాకు పెద్దమ్మ మాటే గుర్తొచ్చింది. ఆమె 'ఎడల్పయింది' అన్నదాన్నే ఆయన గీశాడు. ఆయనది స్కేలు అయింది, ఆమెది గొణుగుడుగా మిగిలింది.

ఇక చికిత్స. మినాక్సిడిల్ మొదట రక్తపోటుకు వాడిన మాత్ర. వేసుకున్నవాళ్ళకు ఒంటిమీద వెంట్రుకలు రావడం గమనించి దాన్ని తలకు రాసే మందుగా మార్చారు. అమెరికాలో 1988లో మగవాళ్ళకు, 1991లో స్త్రీలకు 2 శాతం ద్రావణాన్ని అనుమతించారు. 5 శాతం నురగ స్త్రీలదాకా వచ్చేసరికి 2014 అయింది. స్త్రీల ప్యాటర్న్ హెయిర్ లాస్‌కు అక్కడ అనుమతి ఉన్న మందు ఇప్పటికీ ఇదొక్కటే. ద్రావణమైతే రోజుకు రెండుసార్లు, నురగ అయితే ఒకసారి, జుట్టుకు కాదు, చర్మానికి రాయాలి. మొదటి వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలవచ్చు. పాత వెంట్రుకలు కొత్తవాటికి చోటిస్తున్నాయన్నమాట. ఈ సంగతి ముందే చెప్పకపోవడం వల్ల ఎంతమంది భయపడి మానేస్తారో! ఫలితం తేల్చుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి. ఆపేస్తే కొన్ని నెలల్లో మళ్ళీ మొదటికి వస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. చాలామందిలో ఇది ఉన్నదాన్ని నిలబెడుతుంది, కొందరిలో కొంత ఒత్తుగా చేస్తుంది. పూర్వపు జడను తెచ్చివ్వదు. ఇప్పుడు కొందరు డాక్టర్లు తక్కువ మోతాదులో మాత్రగానూ ఇస్తున్నారు. స్పైరనోలాక్టోన్ కూడా వాడుతున్నారు. అది వాడుతుండగా గర్భం వస్తే కడుపులోని మగ శిశువుకు ముప్పు కాబట్టి గర్భనిరోధం తప్పనిసరి. మగవాళ్ళకు 1997లో వచ్చిన ఫినాస్టెరైడ్‌ను ముట్లుడిగిన స్త్రీల మీద ఒక మిల్లీగ్రాము మోతాదులో పరీక్షిస్తే ఉపయోగం కనబడలేదని 2000లో తేలింది. బయోటిన్ మాత్రలకు, ఒంట్లో దాని లోటు లేనివాళ్ళ విషయంలో, సరైన ఆధారం లేదు. పైగా అవి థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తప్పుదారి పట్టించగలవు. మందార, గుంటగలగర నూనెల మీద నాకు కోపం లేదు, అమ్మ చేతి స్పర్శకు విలువ ఉంది. కుంచించుకుపోయిన కుదురును మాత్రం అవి పెంచుతాయని చెప్పలేం.

ఇదంతా సాహిత్య పత్రికలో ఎందుకని అడగవచ్చు. 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన 'సవాలక్ష సందేహాలు' మనకు నేర్పింది ఇదే కదా. ఆడవాళ్ళు తమ శరీరం గురించి అడిగే ఏ సందేహమూ చిన్నది కాదు, ఆ జ్ఞానం మన భాషలో మన చేతుల్లో ఉండాలి. ఆ జ్ఞానం లేనిచోటికి మార్కెట్ వస్తుంది. విజయవాడ రహదారి మీద కోదాడ దాటేవరకూ హోర్డింగులు చూడండి. ముందూ తరువాతా అని రెండు తలలు, చాలావరకు మగ తలలే. ఆడవాళ్ళకు మాత్రం నడుము దాటిన జడ, పక్కన నూనె సీసా. మగవాడికి వైద్యం అమ్ముతారు, ఆడదానికి ఆశ అమ్ముతారు. నేను మొదట చూపించుకున్న డాక్టరు నా తల ముట్టుకోకుండానే, "పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఇప్పుడు జుట్టెందుకమ్మా?" అన్నాడు. మార్కెట్ మాట, ఆ డాక్టరు మాట వేరుగా వినిపిస్తాయిగానీ వాటి మూలం ఒకటే. ఆడవాళ్ళ జుట్టు చూసేవాళ్ళ కోసం ఉన్నది, చూసేవాళ్ళు లేకపోతే అక్కర్లేనిది అనే భావజాలం.

మనవాళ్ళు కూడా ఇంకో దారిలో అక్కడికే చేరుతారని నా అభియోగం. 'అందం గురించి నీకెందుకు బాధ, నువ్వు స్త్రీవాదివి కదా' అని ఒక స్నేహితురాలు నన్ను మందలించింది. అందాన్ని తిరస్కరించే హక్కు అందం ఉన్నవాళ్ళకు సులువు. జుట్టు కత్తిరించుకున్న స్త్రీ తిరుగుబాటుదారు. జుట్టు రాలిపోయిన స్త్రీకి ఆ గౌరవం రాదు, ఆమె ఎంచుకోలేదు కాబట్టి. పైట విషయంలో ఇలాంటి చర్చే నడిచింది. జూపాక సుభద్ర కొంగు గురించి రాసి, శ్రమచేసే దళిత స్త్రీకి కొంగు వేరే అర్థం ఇస్తుందని గుర్తుచేశారు. జుట్టుకూ అందరి జీవితాల్లో ఒకే అర్థం లేదు. నెత్తిన మూటలు మోసిన మా పెద్దమ్మకు అది ప్రదర్శన వస్తువు కానేకాదు. అయినా, ఎవరూ చూడని చోట అద్దంలో చూసుకుని ఏడ్చానని ఆమె చెప్పింది. చూసేవాళ్ళ కోసం కాని ఆ ఏడుపును మన సిద్ధాంతం ఎక్కడ పెడుతుంది?

ఆడ్రీ లార్డ్ తన 'క్యాన్సర్ జర్నల్స్'లో, రొమ్ము తీసేశాక కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా వచ్చినందుకు డాక్టరు ఆఫీసులో నర్సు తనను ఎలా మందలించిందో రాసింది. ఆమె కోపం కృత్రిమ రొమ్ము పెట్టుకునే స్త్రీల మీద కాదు. దుఃఖించడానికి, ఆలోచించుకోవడానికి సమయం ఇవ్వకుండా కప్పిపుచ్చమనే లోకం మీద. నేను అక్కడి నుంచి నేర్చుకున్నది ఇది. మినాక్సిడిల్ రాసుకునే స్త్రీ, సవరం కట్టుకునే స్త్రీ, గుండు గీయించుకుని తిరిగే స్త్రీ, ఏమీ చేయనని నిశ్చయించుకున్న స్త్రీ, వీళ్ళలో ఎవరు ఎక్కువ స్త్రీవాది అని లెక్కలు వేయడం మన పని కాదు. వాళ్ళందరికీ ముందు సరైన పఠనం దక్కాలి. తనకున్నది ఏ జబ్బో తెలిశాక మందు వద్దనుకోవడం నిర్ణయం అవుతుంది. తెలియకుండా వదిలేయడం గతిలేనితనం.

ఇప్పుడు ఆ మందు నేనూ రాస్తున్నాను. ఏడాదిన్నర అయింది. పాపిట ఇంకా వెడల్పు కాలేదు, పెద్దగా మూసుకోనూలేదు. ఈ వాక్యంలో విజయమూ లేదు, ఓటమీ లేదు. బహుశా అందుకే దాన్ని కథగా రాయడం కష్టం. మన కథలకు తెగిన జడ కావాలి, విదిలించుకున్న జడ కావాలి. ఏళ్ళ తరబడి సన్నబడే జడకు మలుపు ఉండదు. ఆ మలుపు లేని బాధను రాసే శిల్పం మనం నేర్చుకోవలసి ఉంది. దాన్ని నేర్చుకుంటే ముట్లుడగటం గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి, చెవుడు గురించి, ఆడవాళ్ళ నడివయసులో నెమ్మదిగా జరిగే అన్నిటి గురించీ రాయగలం. పాపిట వెడల్పవడం, వెంట్రుక సన్నబడటం, నడినెత్తి పల్చబడటం, ఈ మాటలు చిలుకూరులో ఇప్పటికే ఉన్నాయి. అచ్చులోకి ఇంకా రాలేదు, అంతే. ఆడవాళ్ళ బట్టతలకు కొత్త పదం తయారు చేసే కమిటీ ఏదీ మనకు అక్కర్లేదు. కొంగు కింద ఆ మాట అనుకుంటున్నవాళ్ళ పక్కన కూర్చుని విని, రాస్తే చాలు.